తల ఊపినందుకు తలుపు విరిగింది

ఒక తలుపు విరిగింది. మా మరిది మెడ వారం దాకా ఒక పక్కకే తిరిగి ఉండిపోయింది. సగం కాలనీ పొయ్యి మీది కూర మాడ్చుకుంది. ఒక ప్రిన్సిపాల్ సారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. ఇంతా చేసి నేనేమీ అనలేదండీ. నోరు తెరిచి ఏదన్నా అని ఉంటే ఇంత అయ్యేదే కాదు. ఊరికే తల ఊపాను, అంతే! ఆ ఒక్క ఊపుడుకు గోదావరిఖనిలో ఏమేం ఊగాయో చెప్తాను. మీరు నవ్వుకోండి, నాకేం బాధ లేదు. నేను కూడా నవ్వుకుంటూనే చెప్తున్నాను.

నాకు చదువు రాదు. సంతకం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదివేలోపు ఆ బస్సు ఆ ఊరికి చేరిపోతుంది. అందుకే నేను నోటితో చెప్తుంటే ఒక పిల్ల ఎదురుగా కూర్చుని, నా ముఖంలోకే చూస్తూ రాసిపెడుతోంది. ఆ పిల్ల ఎవరన్నది కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అప్పటికి తెలంగాణ రాలేదు. రోజుకో బందు, పూటకో ఊరేగింపు. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసి, ఒక పొద్దున ఇంట్లోనే గుండె ఆగి పోయాడు. తర్వాత ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో నాకు పని దొరికింది. ఊడవాలి, తుడవాలి. ఆ తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని పిల్లల బ్యాగులు గూట్లో పెట్టి, మేకుకు ఉన్న నంబరు బిళ్ళ తీసి చేతికివ్వాలి. పోయేటప్పుడు బిళ్ళ తెచ్చిస్తే బ్యాగు ఇవ్వాలి.

పని బాగానే ఉంది, చిక్కంతా నా గొంతుతోనే. పుట్టుకతోనే బొంగురు గొంతు నాది. మంచినీళ్ళు అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. "నువ్వు ఇంట్ల మాట్లాడుతె నాకు బాయిల వినవడతదే ఓదెమ్మా" అనేవాడు మా ఆయన. అట్లాంటి దాన్ని తీసుకెళ్ళి లైబ్రరీలో కూర్చోబెట్టారు. అక్కడ అందరూ గుసగుసలాడతారు. నా గుసగుస గేటు దాకా వినిపించేది.

ఇక బిళ్ళ సంగతి. బొగ్గుబాయి ఇళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. బాయి దిగే మనిషి పైన తన నంబరు ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయినా ఒక బిళ్ళ మిగిలిపోయిందంటే ఒక మనిషి ఇంకా భూమిలోనే ఉన్నాడన్నమాట. ఒకసారి మా ఆయన బిళ్ళ అట్లా మిగిలింది. నేను వెళ్ళి దీపాల గది కిటికీ ముందు నిలబడ్డాను. మేకుకు వేలాడుతున్న ఆ ఇత్తడి ముక్కను చూస్తూ మొక్కని దేవుడు లేడు. చాలాసేపటికి ఆయన కళ్ళు నులుముకుంటూ పైకి వచ్చాడు. లోపల ఒక మూల కూర్చుని కునుకు తీశాడట! ఇంటికి పోయాక నేను పెట్టిన చివాట్లకు నెల రోజులు ఇంట్లో కూడా నిద్ర పట్టలేదు ఆయనకు. ఆయన నిద్ర సంగతి సరే, ఆ బిళ్ళ మాత్రం నా కళ్ళ ముందు అట్లాగే వేలాడుతూ ఉండిపోయింది.

లైబ్రరీలో లెక్క తిరగబడుతుంది. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. అయితేనేం, భయం మాత్రం అదే భయం. పొద్దుపోయేసరికి మేకులన్నిటికీ బిళ్ళలు తిరిగొస్తే గానీ నాకు ఊపిరి తిరిగేది కాదు.

ఆ లైబ్రరీలో చదువుకుంటూనే సగం పూట పని చేసే పిల్లలు నలుగురు ఉండేవాళ్ళు. పుస్తకాలు సర్దడం, అడిగినవాళ్ళకు వెతికివ్వడం వాళ్ళ పని. ఫీజు అందులోనే గడిచిపోయేది. ఆ యేడు ఆ పనికి సరూప వచ్చింది. నస్పూర్ పిల్ల, ఇక్కడ చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు, మాట రాదు. రాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. ఈ పని ఉంటేనే చదువు, లేకపోతే ఇంటికి వచ్చెయ్యమని వాళ్ళ నాయన ముందే చెప్పి పంపాడు.

ప్రిన్సిపాల్ సారుకు మొదటి నుంచీ అనుమానమే. మా లైబ్రరీ పెద్ద సలోమి మేడంతో నా ముందే అన్నారు.

"మేడం, బెల్లు కొడితె వినవడదు, ఎవరన్న పిలిస్తె వినవడదు. ఒక నెల చూస్త. ఏదన్న గడబిడ అయ్యిందంటె మాత్రం తీసేస్త."

"పిల్లకు పని వస్తది సార్. ఆమెతోని ఎట్ల మెలగాల్నో మాకే రాదు. మేము నేర్చుకుంటం" అంది మేడం.

అట్లా మాకు ట్రైనింగు మొదలైంది. సరూప కాక మిగతా ముగ్గురు పిల్లలూ నేనూ ఒక వరుసలో కూర్చున్నాం. నా బతుకులో మొదటి క్లాసు అదే. మొదటి క్లాసులోనే ఫెయిలయ్యాను, అది తర్వాత చెప్తాను.

మేడం అందరి చెవుల్లో దూది కుక్కింది. "ఒక గంట గిట్లనే పని చెయ్యుండ్రి. సరూపకు దినాం ఎట్లుంటదో ఎరుకయితది" అని చేతులతో సైగ చేసి, మళ్ళీ పలక మీద రాసి చూపించింది. రాత నాకు రాదు, రవి అనే పిల్లగాడు నా చెవిలో దూది తీసి చెప్పి మళ్ళీ పెట్టాడు.

దూది పెట్టుకుంటే ఎంత హాయిగా ఉందో! బకెట్ కింద పెట్టాను, చప్పుడే లేదు. బల్ల జరిపాను, చప్పుడే లేదు. నా పని ఇంత నెమ్మదిగా ఎప్పుడూ సాగలేదని మురిసిపోతూ తలెత్తి చూద్దును కదా, చదువుకునే పిల్లలందరూ రెండు చెవులూ మూసుకుని నన్నే చూస్తున్నారు.

ఆ తర్వాత మేడం మా ముందు నిలబడి ఏవో మాటలు చెప్పింది. పెదాలు కదులుతున్నాయి. ఆ పెదాలు చూసి ఎంత అర్థమవుతుందో చూసుకోమని పరీక్ష అట. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పక్కనున్న పిల్లలు తల ఊపుతున్నారు. నేను ఊపకపోతే బాగుండదని నేనూ ఊపాను. గంగిరెద్దు కూడా అంత నిండుగా ఊపదు.

దూది తీశాక రవిని పట్టుకున్నాను. "ఏమన్నది బిడ్డా మేడం?"

"ముఖం సూసి మాట్లాడాలె, అరవద్దు, పిలవాల్నంటె లైటు ఆర్పి వెయ్యాలె అన్నదవ్వా."

"గంతేనా?"

"ఇంకోటి కూడ అన్నది. నాకూ సమజ్ కాలె. నువ్వు బగ్గ తల ఊపినవ్ గదా, నీకు సమజ్ అయ్యిందనుకున్న."

చూశారా, ఆ ఇంకోటే నా కొంప ముంచింది.

'అరవొద్దు' అన్నది మాత్రం నాకు వెంటనే ఎక్కలేదు. వినపడని పిల్లను పిలవాలంటే ఇంకొంచెం గట్టిగా పిలవాలి కదా అనుకునేదాన్ని. "సరూపా!" అని ఒక్క కేక వేస్తే పుస్తకాలు చదివేవాళ్ళు, నిద్రపోయేవాళ్ళు, గేటు దగ్గర వాచ్‌మన్, అందరూ ఉలిక్కిపడి లేచేవాళ్ళు. సరూప ఒక్కతే నిమ్మళంగా పుస్తకాలు సర్దుకుంటూ ఉండేది. నా గొంతుకు బెదరని మనిషి ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే. అందుకేనేమో మా ఇద్దరికీ కుదిరింది. మధ్యాహ్నం ఇద్దరం ఒక్కచోటే సద్ది విప్పేవాళ్ళం. నా డబ్బాలో కారం ఎక్కువైతే తన పెరుగన్నం నా వైపు నెట్టేది.

వినపడదు కదా అని నా గోడంతా ఆమెకే చెప్పుకునేదాన్ని. అన్నిటికంటే పెద్ద గోడు నీళ్ళది. మా గల్లీలో నల్లా సాయంత్రమే వస్తుంది. ఆ సమయానికి నేను లైబ్రరీలో ఉంటాను. ఇంటికి చేరేసరికి నల్లా బందు. ఇక బిందె పట్టుకుని ఇంటింటికీ తిరగడమే. బిందె ఎట్లా మొయ్యాలో, నడుము ఎట్లా లాగుతుందో, పక్కింటామె ముఖం ఎట్లా పెడుతుందో అన్నీ చేసి మరీ చూపించేదాన్ని. మా ఇల్లు చూసిన పిల్లే కదా, సరూప పకపకా నవ్వేది.

ఆమె చేతులతో ఏమేమో చెప్పేది. చాలావరకు నాకు తెలిసేది కాదు. మళ్ళీ చెప్పమంటే పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమో అని తల ఊపేదాన్ని. నాకొక సైగ పేరు కూడా పెట్టింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పైకీ కిందికీ ఆడించేది. ముద్దుగా ఉంది కదా అని దానికీ తల ఊపాను.

ఇక ఆ రోజు సంగతి. సారు పెట్టిన నెల గడువు ఇంకో నాలుగు దినాల్లో అయిపోతుంది. సాయంత్రం ఎండ దిగుతుంటే సరూప నా దగ్గరికి వచ్చింది. నా నడుముకున్న తాళాల గుత్తి చూపించింది. చేత్తో ఏదో వంపినట్టు చేసింది. బయటికి వేలు చూపించింది. తన బ్యాగు తట్టి, 'ఇక్కడే' అన్నట్టు అరచెయ్యి పెట్టింది. బిళ్ళ చూపించి గుప్పిట్లో మూసుకుంది. ఆఖరికి కళ్ళెత్తి 'సరేనా?' అన్నట్టు చూసింది.

నేను ఏమనుకున్నాను? గుత్తిలో స్టోర్ రూము తాళంచెవి ఉంది. పొద్దున్నుంచి పాత పేపర్లు సర్దే పని అక్కడే చేస్తోంది. 'స్టోర్ రూములో పని ఉంది, తాళాలు ఇవ్వు' అంటోంది కామోసు. మరి వంపడం ఏమిటి? కప్పు కారుతోందేమో! ఎండాకాలంలో కప్పు ఎందుకు కారుతుందన్న ఆలోచన నాకు రాలేదు. నిండుగా తల ఊపి గుత్తి చేతిలో పెట్టి, బకెట్ కడగడానికి వెనక్కి పోయాను.

మూసే సమయం అయింది. ఒక్కొక్క పిల్లా బిళ్ళ ఇచ్చి బ్యాగు తీసుకుని పోతున్నారు. మేడం కూడా ఇంటికి పోయింది. చివరికి ఒక మేకు ఖాళీగా మిగిలింది. గూట్లో సరూప బ్యాగు అట్లాగే ఉంది.

ట్రైనింగు గుర్తొచ్చింది. లైటు ఆర్పి వేశాను. ఎవరూ రాలేదు. మళ్ళీ ఆర్పాను. వేద్దామంటే ఈసారి వెలగలేదు. కరెంటు పోయింది! కిటికీలోంచి చూస్తే దూరంగా కరెంటు పుట్టించే ఫ్యాక్టరీ పొగగొట్టాలు దీపాలతో పెళ్ళివారిల్లులా మెరుస్తున్నాయి. కరెంటు పుట్టిన ఊళ్ళో మేం చీకట్లో.

స్టోర్ రూము దగ్గరికి పరిగెత్తాను. తలుపుకే బిగించిన తాళం అది, దగ్గరికి వేస్తే దానంతటదే పడిపోతుంది. నెట్టాను, రాలేదు. రెండు చేతులా బాదాను. వినపడని పిల్ల కోసం తలుపు బాదే తెలివిమంతురాలిని నేనే! సందులోంచి చూస్తే, పైనున్న గవాక్షం మసక వెలుతురులో పేపర్ల కట్టలు గుట్టగా కూలిపడి ఉన్నాయి. కారుతోందనుకున్న కప్పే కూలిందనుకున్నాను.

అప్పుడు ఇత్తడి బిళ్ళ కళ్ళ ముందుకు వచ్చింది. ఈసారి కళ్ళు నులుముకుంటూ పైకి వచ్చేవాళ్ళు లేరనిపించింది. కాలేజీ గోడ దగ్గరికి పరిగెత్తి, నాకున్న గొంతంతా పెట్టి అరిచాను.

"పిల్ల బిళ్ళ వాపస్ రాలేదో! కప్పు కూలింది, ఎవలన్న రాండ్రో!"

గోడ అవతల బాయి కార్మికుల కాలనీ. ఆ కాలనీలో ఆ మాటకు ఒక్కటే అర్థం. బాయి సైరన్ కూడా అంత మందిని ఇంట్లోంచి లాగదు. ముందు మా మరిది కొమురయ్య గోడ దూకాడు. బాయిలో ప్రమాదం జరిగితే మనుషుల్ని బయటికి తెచ్చే జట్టులో పని ఆయనది. లుంగీ మీద బూట్లు, తల మీద బాయిలో పెట్టుకునే గట్టి టోపీ.

"ఏ బాయి వదినె? ఏ షిఫ్టు?"

"బాయి కాదు కొమురయ్యా, లైబ్రరీ!"

ఆయన టోపీ వెనక్కి నెట్టాడు. "లైబ్రరీల కప్పు ఎట్ల కూలిందే?"

"సరూప లోపల వడ్డది! చెవులు వినవడయి పిల్లకు!"

అంతే, ఇంక ఏమీ అడగలేదు. వెనక పదిమంది టార్చిలైట్లతో, ఒకాయన తాడుతో, ఒకాయన నులక మంచం మోసుకుని. వాళ్ళ వెనక ఆడవాళ్ళు అప్పుడే శోకాలు మొదలుపెట్టారు. ఎవరి కోసమో వాళ్ళకు తెలియదు, వాళ్ళ వెనకవాళ్ళకు అసలే తెలియదు. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, ప్రిన్సిపాల్ సారు చెప్పుల్లేకుండా వచ్చారు.

"తలుపు పగలగొట్టకుండ్రి, తాళంచెవి ఏదమ్మా?" అన్నారు.

"పిల్ల దగ్గర్నే ఉన్నది సార్!"

కొమురయ్య గడ్డపార పెట్టి ఒక్క పట్టు పట్టాడు. తలుపు ఊడి ఆయన మెడ మీదే పడింది. టోపీ ఉండబట్టి తల మిగిలింది. లోపల దారి లేదు, నిలువెత్తు పేపర్ల గుట్ట. "వరుస కట్టుండ్రి! చేతులమీదికెళ్ళి బయటికి పంపుండ్రి!" అని కొమురయ్య అరిచాడు. బాయి మనుషులు చెప్పకముందే వరుస కట్టారు. టార్చిలన్నీ లోపలి గుట్ట మీదే ఉన్నాయి, బయటి చీకట్లో కట్ట మీద కట్ట చేతులు మారుతూ వరండాలోకి పోతోంది. నేను ఏడుస్తూనే అందుకుంటున్నాను, వెనక్కి అందిస్తున్నాను.

నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. నేనిచ్చిన కట్టలు టకటకా అందుకుంటున్నారు. మంచి చురుకు చేతులు.

"జల్ది బిడ్డా జల్ది, మా సరూప లోపలున్నది" అన్నాను తిరిగి చూడకుండానే.

నేను జోరు పెంచేసరికి ఆ చేతులూ ఇంకా జల్దీ కదిలాయి. కాసేపటికి నా కొంగు పట్టి లాగారు. తిరిగాను. చీకట్లో ఎవరో ఆడపిల్ల, చేతులాడించి ఏదో అడుగుతోంది. ఇప్పుడు మాట్లాడే టైమా ఇది? ఏం అడిగిందో తెలియకుండానే తల ఊపి, ఇంకో కట్ట చేతిలో పెట్టాను. పాపం, మళ్ళీ పనిలో పడింది.

కొమురయ్య దుమ్ముకొట్టుకుని బయటికి వచ్చాడు. మెడ ఒక పక్కకు వంగి ఉంది. "వదినె, లోపల ఎలుకలు తప్ప ఎవ్వల్లేరు. నువ్వెవలి కోసం ఏడుస్తున్నవే?"

"సరూప! సన్నగ ఉంటది, రెండు జడలు..."

వంగిన మెడ వల్ల ఆయన చూపు నా మీద కాక పక్కకు పోయింది, టార్చి కూడా అటే పడింది. "మరి గీమె ఎవలు?"

చూశాను. సన్నగా ఉంది. రెండు జడలు. మోకాళ్ళ దాకా తడిసిన బట్టలు, ముఖం నిండా దుమ్ము, చేతుల్లో పేపర్ల కట్ట. తనను తాను వెతుక్కోవడానికి మా అందరికంటే ఎక్కువ కష్టపడిన మనిషి అక్కడ సరూపే!

వెలుగు ముఖాన పడగానే కట్ట కింద పెట్టింది. గుప్పిట తెరిచి బిళ్ళ నా చేతిలో పెట్టింది, పద్ధతి ప్రకారం. తర్వాత తాళాల గుత్తి. గుత్తిలో స్టోర్ రూము చెవి పక్కనే మా ఇంటి తాళంచెవి కూడా ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది నాకు. పిల్ల చేత్తో మళ్ళీ వంపినట్టు చేసింది, తర్వాత రెండు చేతులూ అంచు దాకా పైకెత్తి చూపించింది. నల్లా వచ్చింది. మీ ఇంటికి పోయి నీళ్ళు పట్టాను. అన్నీ నిండాయి.

ఆమె సైగ నాకు పూర్తిగా అర్థమైంది అదే మొదటిసారి. తడి బట్టలతో ఉన్న పిల్లను అట్లాగే గట్టిగా పట్టుకున్నాను. వీపు మీద రెండు దెబ్బలు కూడా వేశాను, అవి ప్రేమవే. శోకాలు పెట్టినవాళ్ళు ఇక ఆపేద్దామా వద్దా అని ఒకరినొకరు చూసుకున్నారు. అంతలో ఎవరో "అయ్యో, నా కూర!" అన్నారు, కాలనీ అంతా ఒక్క పరుగున ఖాళీ అయింది.

మర్నాడు పొద్దున సారు గదిలో నిలబడ్డాం. సరూప ముఖం వాడిపోయి ఉంది. పని పోతుందని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు.

"చెప్పిన గదా మేడం, గడబిడ అయితదని. ఇంక ఈ పిల్లతోని కాదు" అన్నారు సారు.

నేను ఆగలేకపోయాను. "సార్, పిల్ల నన్ను అడిగే పోయింది. నాకే సమజ్ కాలె. కాకున్నా తల ఊపిన. తీసేస్తె నన్ను తీసెయ్యుండ్రి."

మేడం నా వైపు తిరిగింది. "ట్రైనింగుల చెప్పిన గదా ఓదెమ్మా, సమజ్ కాకపోతె తల ఊపద్దు, మళ్ల చెప్పమని అడగాలె అని?"

"ఎప్పుడు చెప్పిండ్రు మేడం?"

"దూది పెట్టిన దినం, ఆఖరుకు."

"గప్పుడు నా చెవులల్ల దూదుండె!"

"మరి తల ఎందుకూపినవ్?"

దానికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి.

అప్పుడు సరూప ముందుకు వచ్చింది. సారు బల్ల ముందు నిలబడి నెమ్మదిగా చేతులతో చెప్పింది. తనను చూపించుకుంది, లైబ్రరీ వైపు చూపించింది, అరచెయ్యి తిప్పింది, ఆగి సారు ముఖంలోకి చూసింది. సారు మంచి మనిషే. పిల్ల క్షమించమని బతిమాలుతోందనుకుని జాలిగా చూస్తూ మెల్లగా తల ఊపారు.

సరూప ముఖం వెలిగిపోయింది. మేడం ముఖం కూడా.

"చాలా థాంక్స్ సార్" అంది మేడం.

"ఎందుకు?"

"రేపటికెళ్లి మళ్ల పనికి రావాల్నా అని అడిగింది. మీరు తల ఊపిండ్రు."

సారు నా వైపు చూశారు. ఆయన పరిస్థితి ఆ గదిలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? ముందు మేడం నవ్వింది. తర్వాత సారు, బల్ల మీద చెయ్యి కొట్టుకుంటూ నవ్వారు. "ఇగ ఆ ట్రైనింగుకు నేను కూడ వస్త మేడం. దూది మాత్రం పెట్టకుండ్రి" అన్నారు.

వచ్చారు కూడా. ఈసారి చెప్పింది మేడం కాదు, సరూప. మొదటి పాఠంలో నన్ను నిలబెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పైకీ కిందికీ ఆడించింది. నా ముద్దుపేరుకు అర్థం 'తల ఊపే అవ్వ' అని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మంచిర్యాలలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తోంది సరూప. సెలవు దొరికితే వస్తుంది, నా పెదాలు చూసి ఇదంతా రాస్తున్నది ఆమే. కొమురయ్య మెడ వారం వంగలేదు, రెండు దినాలే అని ఇప్పుడే అడ్డం తగిలింది. రాసేది ఆమె అయినా చెప్పేది నేను, వారమే ఉండనియ్యండి.

చివరిగా, మా ఆయన ఇత్తడి బిళ్ళ మీద ఒట్టేసి, పెద్ద కులపంచాయితీ ముందు నిలబడ్డంత గంభీరంగా చెప్తున్నాను. ఈ ఊపిరి ఉన్నంతవరకు అర్థం కాని మాటకు ఈ తల పైకి లేవదు, కిందికి దిగదు.

ఈ ముక్క రాసి సరూప కలం కింద పెట్టింది. కిటికీ వైపు చూసి చేతులతో ఏదో అంది. నా తల అప్పుడే కదలబోయింది. గడ్డం రెండు చేతులా పట్టి ఆపుకున్నాను.

"మళ్ళొకసారి చెప్పు బిడ్డా."

నవ్వి, మళ్ళీ చెప్పింది, నెమ్మదిగా. చేత్తో వంపినట్టు.

నల్లా వచ్చిందట. బిందెలు తీసుకుని ఇద్దరం పోతున్నాం.